సాలు తిప్పిన రాత

గుత్తి నుంచి పత్తికొండకు పోయే దారిలో ఎర్రగుడి వస్తుంది. బస్సులో కూర్చున్నవాళ్లకు అది కిటికీలోంచి దాటిపోయే ఒక ఊరు. మాకు మాత్రం బండి ఆగే చోటు.

మేం అప్పట్లో గుత్తిలో ఉండేవాళ్లం. నాయనకు రైల్వేలో పని. జేజినాయన, జేజి పత్తికొండ పక్క పల్లెలో సేద్యం చేసుకుంటూ ఉండేవాళ్లు. నెలకోసారి, సెలవు కలిసొస్తే రెండుసార్లు, నాయన మోటారు సైకిలు మీద నలుగురం ఊరికి పోయేవాళ్లం. ట్యాంకు మీద నేను, వెనక అమ్మ, అమ్మకూ నాయనకూ మధ్య నలుగుతూ చెల్లి. 1983, 84 నాటి మాట. రోడ్డు అప్పుడు సన్నం. ఎదురుగా బుడ్డల బస్తాలతో లారీ వస్తే నాయన బండిని పక్క మట్టిలోకి దించి, కాలు కింద పెట్టి, అది పోయేదాకా ఆగేవాడు. (మా వైపు వేరుశనగకాయల్ని బుడ్డలంటాం.) లారీ పోయాక ఎర్రటి దుమ్ము. ఆ దుమ్ములోనే అమ్మ కొంగుతో చెల్లి ముఖం కప్పేది.

చెల్లికి ప్రయాణం పడేది కాదు. ఎర్రగుడి దగ్గరికి వచ్చేసరికి మొహం పాలిపోయేది. అమ్మ నాయన భుజం మీద రెండుసార్లు తట్టేది. ఆ తట్టుడుకు అర్థం నాయనకు తెలుసు. మొదటిసారి మేం అక్కడ ఆగింది అశోకుడి కోసం కాదు, చెల్లి కోసం.

రోడ్డు దిగి కాస్త లోపలికి పోతే కొండ. కొండంటే మరీ పెద్దది కాదు. పెద్ద పెద్ద గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. మా సీమలో ఎక్కడ చూసినా ఇట్లాంటి గుండ్లే కాబట్టి పిల్లలకు అందులో వింతేమీ కనబడదు. చెల్లిని ఒక గుండు నీడలో కూర్చోబెట్టి అమ్మ మరచెంబు మూత తిప్పేది. ముందు చెల్లికి, తర్వాత నాకు, నాయనకు, చివర తను. "నీళ్లు తాగినారా?" అని అందర్నీ పేరుపేరునా అడిగి, తాగామంటే మళ్లీ ఒక గుక్క తాగించేది. తర్వాత గుడ్డ మూట విప్పితే జొన్నరొట్టె, ఊరిబిండి. ఆ రుచి గురించి రాయడం మొదలుపెడితే ఇంక శాసనాల దాకా రాలేను.

నాయన తిన్నాక ఊరికే కూర్చునే మనిషి కాదు. చేతులు తుడుచుకుంటూ గుండ్ల మధ్యకు పోయాడు. కాసేపటికి కేక. "ఇట్ల రాండి, ఇట్ల రాండి!" పామేమో అనుకుంది అమ్మ. పోయి చూస్తే ఒక పురావస్తు శాఖ బోర్డు, దాని పక్కన రాయి. నాయన బోర్డు పైకి చదివాడు. ఇవి మౌర్య చక్రవర్తి అశోకుడి శాసనాలు అని. నాకు అశోకుడంటే రూపాయి బిళ్ల మీది సింహాల ఆయన. ఆయన మా జేజినాయన ఊరి దారిలోకి ఎందుకు వచ్చాడో అర్థం కాలేదు. పైగా ఆ రాతి మీద నాకు ఒక్క అక్షరమూ కనబడలేదు. నడిమధ్యాహ్నం. ఎండ నెత్తి మీద నిలబడి ఉంది. బండ తెల్లగా మెరుస్తోంది, అంతే. "యాడుంది నాయనా రాత?" అంటే నాయన కూడా కళ్లు చికిలించి వెతుకుతున్నాడు.

ఊరి నుంచి తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ఆగాం. ఈసారి పొద్దు వాలింది. ఎండ పక్కనుంచి పడుతోంది. అదే రాయి. మధ్యాహ్నం ఏమీ లేని చోట, బండ నిండా అక్షరాలు పైకి లేచి ఉన్నాయి. ప్రతి గీత పక్కనా సన్నటి నీడ. చీమల బారులాగా వరసలు వరసలు. ఎవరో పొద్దున మాకు కనబడకుండా దాక్కుని, సాయంత్రం బయటికి వచ్చినట్టు అనిపించింది నాకు. ఇప్పటికీ ఎవరైనా ఎర్రగుడికి పోతామంటే నేను చెప్పే మొదటి మాట ఇదే: పొద్దున్నే పోండి, లేదంటే పొద్దు వాలినాక పోండి. మధ్యాహ్నం పోతే బండను చూసి వస్తారు.

అప్పటినుంచి చెల్లికి కడుపులో తిప్పినా తిప్పకపోయినా బండి అక్కడ ఆగేది.

నాయన పదో తరగతి దాకానే చదివాడు. కానీ ఒక విషయం పట్టుకుంటే వదిలే రకం కాదు. గ్రంథాలయంలో కూర్చుని ఏదో పుస్తకంలోంచి ఆ రాతి మీది పాత లిపి, బ్రాహ్మీ అక్షరాలన్నీ ఒక కాగితం వెనక రాసుకొచ్చాడు. ఎడమ పక్క తెలుగు అక్షరం, కుడి పక్క బ్రాహ్మీ గుర్తు. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో ఉంచుకునేవాడు. మాకు అదొక ఆటయింది. 'క' అంటే లెక్కల్లో కూడిక గుర్తు. 'ట' అంటే అరచందమామ. 'న' అంటే తలకిందులు చేసిన మేకు. 'గ' అంటే గుడిసె కప్పు. ఈ గుడిసె కప్పు ఇప్పటి మన 'గ'లో కూడా అట్లాగే ఉంది, పైన తలకట్టు పెట్టుకుందంతే. 'థ' అంటే సున్నా, మధ్యలో ఒక చుక్క. మన 'థ' కడుపులో చుక్క ఎందుకుందో బడిలో మాకు ఎవరూ చెప్పలేదు. చుక్క మరిచిపోతే 'ధ' అయిపోతుందని అయ్యవారు బెత్తంతో చెప్పారు గానీ, ఆ చుక్క రెండు వేల రెండొందల ఏళ్లుగా అక్కడే ఉందని నాకు తెలిసింది ఎర్రగుడి రాతి ముందర.

నేనూ చెల్లీ ఆ అక్షరాలతో రహస్యంగా చీటీలు రాసుకునేవాళ్లం. అమ్మ చేతికి దొరికినా చదవలేదు కదా. "డబ్బాలో బెల్లం ఉంది" లాంటి మహా రహస్యాలు. అయితే తెలుగు ఆ అక్షరాల్లో సరిగ్గా ఇమడదు. 'ఎ', 'ఏ'లకు తేడా లేదు, 'ఒ', 'ఓ'లకూ లేదు. నాయన కాగితంలో 'ళ' లేదు. 'కళ్లు' అని రాయాలంటే 'కలు' అని రాసి, చదివేవాళ్లు అర్థం చేసుకోవాల్సిందే. చెల్లి దీనికి చాలా బాధపడేది. అశోకుడికి ఉత్తరం రాసి అడగాలంది ఒకసారి.

జేజినాయన ఎర్రగుడికి మాతో వచ్చింది ఒక్కసారే. 1985లో. ఆయనకు కళ్లకు పొర కమ్మింది. గుత్తికి తీసుకొచ్చి కళ్ల డాక్టరుకు చూపించాలని నాయన పొద్దున్నే బయల్దేరదీశాడు. బండి మీద ముగ్గురమే: నాయన, నేను, వెనక జేజినాయన, చేతిలో కర్ర, భుజాన కంబళి. డెబ్బై దాటిన మనిషి మోటారు సైకిలు ఎక్కడం అదే మొదలు. నాయన నడుం గట్టిగా పట్టుకుని, దారి పొడవునా ఎవరి చేను ఎవరిదో వాసనతో చెబుతూ వచ్చాడు.

కొండ దగ్గర బండి ఆపగానే "ఇది ఏనుగు కొండ గదరా" అన్నాడు. చూపు లేకపోయినా ఎట్లా తెలిసిందో. చిన్నప్పుడు మేకలు తోలుకుని ఈ పక్కకంతా వచ్చేవాడట.

"ఈ రాళ్ల మీదనే కూచ్చుంటాంటిమి. ఈడనే సంగటి తింటాంటిమి."

"అప్పుడు ఈ అక్షరాలుండెనా జేజినాయనా?"

"ఉండకేం? గీతలుండె. బంగారు పాతరకు గుర్తులంటాంటిరి మావోళ్లు. ఎవురన్నా సదివితే కొండ నోరు తెరుస్తాదంట."

బంగారం మాట మా వైపు ఊరికే రాలేదు. ఎర్రగుడికి దగ్గర్లోనే జొన్నగిరి. తొలకరి వాన పడితే ఇప్పటికీ జొన్నగిరి, తుగ్గలి చేలల్లో ఎక్కడెక్కడినుంచో జనం వచ్చి వజ్రాల కోసం నేల చూస్తూ వంగి నడుస్తారు. జొన్నగిరి నేలలో బంగారమూ ఉంది. కర్ణాటకలోని బ్రహ్మగిరిలో ఉన్న అశోకుడి శాసనంలో సువర్ణగిరి అని ఒక ఊరి పేరు వస్తుంది. అక్కడ ఉండే రాకుమారుడి ఆజ్ఞగా ఆ శాసనం మొదలవుతుంది. ఆ సువర్ణగిరి మన జొన్నగిరేనని కొందరు పండితులంటారు, కర్ణాటకలోని కనకగిరి అని మరికొందరు. జేజినాయనకు ఇవేవీ తెలియవు. కొండ నోరు తెరుస్తుందన్నది మాత్రం ఆయన నమ్మకంగానే చెప్పాడు.

ఈ రాతలను లోకానికి చూపింది అనుఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త. 1929 ప్రాంతంలో. జేజినాయన అప్పటికి మేకలు కాసే వయసులో ఉండాలి. అంటే పండితులు రాకముందు ఈ అక్షరాల పక్కన కూర్చుని సంగటి తిన్న చేతినే నేను ఆ పొద్దున పట్టుకుని గుండ్ల మధ్య నడిపించాను. ఈ లెక్క నాకు అప్పుడు తట్టలేదు. ఆయన పోయాక చాలా ఏళ్లకు తట్టింది.

చిన్న శాసనం ఉన్న రాయి దగ్గరికి తీసుకుపోయాం. చూడలేడు కాబట్టి నాయన ఆయన చేయి పట్టుకుని చూపుడు వేలును ఒక గీతలో పెట్టాడు. ఇప్పుడైతే ముట్టుకోనివ్వరు, ముట్టుకోకూడదు కూడా. అందరి చేతులూ పడితే ఆ గీతలు అరిగిపోతాయి. ఆ రోజు అడ్డు చెప్పేవాళ్లు లేరు. పొద్దుటి ఎండలో రాయి ఇంకా చల్లగా ఉంది. జేజినాయన వేళ్లు మడక (నాగలి) పట్టి పట్టి కాయలు కాసినవి. గోళ్లు పగిలి ఉంటాయి. ఆ వేలు ఒక అక్షరం గాడిలోకి దిగి, అంచు తడుముకుని, బయటికి వచ్చి, పక్క గాడి వెతుక్కుంటూ పోయింది.

నాయన చెబుతున్నాడు. "ఈ వరస ఎడమ నుంచి కుడికి పోతాది నాయనా. కింది వరస చూడు, కుడి నుంచి ఎడమకు వస్తాది."

ఎర్రగుడి చిన్న శాసనంలో ఉన్న విచిత్రం ఇదే. పంక్తులన్నీ ఒకే దిక్కుకు నడవవు. కొన్ని అటు పోతాయి, కొన్ని ఇటు వస్తాయి. మొదట్లో ఒకటి తప్పించి ఒకటిగా మళ్లుతూ వచ్చి, తర్వాత ఆ క్రమమూ తప్పుతుంది. అశోకుడి శాసనాలు దేశమంతా ఉన్నా ఈ తీరు రాత ఇక్కడే చూస్తాం.

జేజినాయన వేలు వరస చివరికి పోయి ఆగింది. కిందికి దిగింది. అక్కణ్ణుంచే వెనక్కి మళ్లింది. మళ్లీ ఆ చివరిదాకా. ఆయన ముఖంలో నవ్వు.

"ఇది మడక సాలురా!"

మాకు అర్థం కాలేదు.

"గెనెం కాడికి పోయినంక ఏం జేస్తావు? ఎద్దుల్ని తిప్పుకుంటావు. పోయే సాలు ఒగటి, వచ్చే సాలు ఒగటి. మళ్ల మొదుటికి నడిసిపోయి ఈడనుంచే దున్నాలంటే ఎద్దులు వట్టిగ నడవాల గదా? వట్టి నడక ఎందుకు? ఈ రాసినోడు సేద్యగాడురా. సేద్యగాడే ఇట్ల రాస్తాడు."

ఇంకో రెండు వరసలు అట్లాగే తడిమాడు. పెదాలు కదుపుతూ, ఎద్దుల్ని అదిలించినట్టు నోట్లో ఏదో శబ్దం చేస్తూ. చదువు రాని మనిషి, చూపు లేని మనిషి, ఆ రాతిని అట్లా దున్నుకుంటూ పోయాడు. నాయన పక్కన ఏమీ మాట్లాడకుండా నిలబడి ఉన్నాడు.

చాలా ఏళ్లకు, నేను అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు, ఒక లిపుల పుస్తకంలో చదివాను. పాతకాలపు గ్రీకువాళ్లూ ఇట్లా అటూ ఇటూ మళ్లే రాత రాసేవాళ్లు. ఆ రాతకు వాళ్ల భాషలో పెట్టుకున్న పేరుకు అర్థం, ఎద్దు మళ్లినట్టు అని. పుస్తకం మూసి హాస్టలు వరండాలో కాసేపు ఒక్కడినే నడిచాను. జేజినాయన అప్పటికి లేడు. ఉంటే ఆ వారమే ఊరికి పోయి చెప్పేవాణ్ణి.

ఆ రాసిన మనిషి ఎవరన్నది నన్ను వదలని ప్రశ్న. బ్రహ్మగిరి వైపు శాసనాల్లో చపడ అనే లేఖకుడు తన పేరు పెట్టుకున్నాడు. 'లిపికారుడు' అన్న ఆ ఒక్క మాటను మాత్రం ఖరోష్ఠి లిపిలో రాశాడు. ఖరోష్ఠి వాయవ్య ప్రాంతాల రాత, కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఎర్రగుడి రాతిని చెక్కించినవాడు కూడా అట్లా రెండు వైపుల రాతా చేతిలో ఉన్నవాడేమోనని పండితుల్లో ఒక ఊహ ఉంది. అయి ఉండొచ్చు. నా మనసు మాత్రం జేజినాయన మాట దగ్గరే ఉండిపోతుంది.

శాసనాల్లో ఏముందో నాయన ఉద్యోగం మానుకున్నాక తీరిగ్గా చదివాడు. తెలుగు అనువాదం ఒకటి సంపాదించి, సాయంత్రాలు వసారాలో కూర్చుని అమ్మకు చదివి వినిపించేవాడు. ఎర్రగుడిలో పద్నాలుగు పెద్ద శాసనాలూ, రెండు చిన్న శాసనాలూ ఒకేచోట ఉన్నాయి. అట్లాంటి చోటు చాలా అరుదు. మాకు ఇంటి దారిలో దొరికింది కాబట్టి ఆ సంగతి గుర్తించలేదు.

అమ్మ బియ్యం ఏరుతూ వినేది. రాజు వంటశాలలో మునుపు రోజూ లక్షల ప్రాణులు చంపేవాళ్లట, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమేనట, ఆ జింక కూడా రోజూ కాదట, ముందుముందు ఆ మూడూ ఉండవట. "ఒకేసారి మానుకోలేదు సూడు, కొంచెం కొంచెంగా మానుకున్నాడు. అట్లయితేనే నిలబడతాది" అంది అమ్మ. కళింగ యుద్ధం శాసనం దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. లక్షన్నర మందిని పట్టుకుపోయారు, లక్ష మంది చచ్చారు, ఇంకా ఎన్నో రెట్లు పోయారు అని గెలిచిన రాజే చెప్పుకుని బాధపడటం. కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడ రాళ్ల మీద ఈ శాసనం వేయించలేదు. ఎర్రగుడిలో ఉంది. అదే పదమూడో శాసనంలో ఆంధ్రుల పేరూ ఉంది. నాయన ఆ పంక్తి రెండుసార్లు చదివాడు.

అమ్మకు అన్నిటికంటే నచ్చింది రెండోది. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాను, మందు మొక్కలు లేని చోట తెప్పించి నాటించాను, బాటల వెంట చెట్లు నాటించాను, బావులు తవ్వించాను, పశువులూ మనుషులూ వాడుకునేందుకు.

"ఏదీ, మళ్ల సదువు."

నాయన మళ్లీ చదివాడు.

"పశువులు ముందర, మనుషులు ఎనక. ఆయప్పనే అట్ల రాయిచ్చినాడా?"

మూలంలోనూ 'పసు' అన్న మాటే ముందుందని నాయన చెప్పాడు. అమ్మ తల ఊపింది. "దోవలో నీళ్లు పెట్టినోడు మంచోడు" అని చేటలో బియ్యం మళ్లీ కదిలించింది. చెల్లికి నీళ్లు తాగించిన చోట, ఆ గుండ్ల మీదే ఈ మాట ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. నాకూ తెలియదు.

చిన్న శాసనంలో తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణుల మీద దయ ఉండాలి, నిజం చెప్పాలి అని ఉంటుంది. ఈ సంగతి రజ్జుకుడనే అధికారి భేరీ మోగించి జనపదానికి చాటాలి. ఏనుగులెక్కేవాళ్లకు, లేఖకులకు, రథాలు తోలేవాళ్లకు, బ్రాహ్మణ గురువులకు చెప్పాలి. ఇంకొకటి. ఈ ప్రకటన చేసేనాటికి రాజు 256 రాత్రులు ఇల్లు వదిలి ప్రయాణంలో ఉన్నాడని చాలామంది పండితులు దానికి చెప్పే అర్థం. దారి పక్క గుండు మీద ఉన్నది దారిలో ఉన్న మనిషి మాటేనన్నమాట. అది చదివినప్పటినుంచి ఆ రాయి నాకు ఇంకాస్త దగ్గరయింది.

నాయన పోయి ఆరేళ్లు, అమ్మ పోయి నాలుగు. చెల్లి పూణెలో ఉంటుంది. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు ఇద్దరమే కారులో పత్తికొండ వైపు బయల్దేరాం. జేజినాయన చేను ఇప్పుడు మాది కాదు, ఊరికే చూసి రావడానికి. చెల్లికి ఇప్పుడు ప్రయాణం పడుతుంది. అయినా ఎర్రగుడి దగ్గరికి రాగానే నా భుజం మీద రెండుసార్లు తట్టింది.

మెట్లు కట్టారు. రాళ్లకు ఎండ వాన తగలకుండా పైన కప్పు వేశారు. నడవడానికి దారి, మొక్కలు, శుభ్రంగా ఉంది. ఇంతకాలం ఆరుబయట ఎండిన రాళ్లకు నీడ దొరికినందుకు నిజంగా సంతోషమేసింది. పొద్దు వాలేదాకా ఉన్నాం. ఎండ కప్పు కిందినుంచి ఏటవాలుగా లోపలికి వచ్చింది. ఒక్కొక్క గీతా నీడ పోసుకుని లేచింది. చెల్లి ముట్టుకోకుండా, రాతికి జానెడు దూరంలో వేలు గాలిలో నడిపింది. చివరిదాకా పోయి, దిగి, వెనక్కి మళ్లింది. నోట్లో ఎద్దుల్ని అదిలించే శబ్దం చేసింది. ఆ రోజు జేజినాయనతో అది రాలేదు. నేను చెప్పగా విన్నదే, అయినా సరిగ్గా అట్లాగే చేసింది.

కాపలా మనిషి వేళయిందని పిలిచాడు. దిగి వచ్చేసరికి కారు వెనక అద్దం నిండా మన ఎర్ర దుమ్ము. నేను తాళం తీసి లోపల సీసాల కోసం వెతుకుతుంటే చెల్లి వెనకే నిలబడిపోయింది. పోయి చూస్తే అద్దం మీద వేలితో రాస్తోంది. పై వరస ఎడమ నుంచి కుడికి. తలకిందులైన మేకు, దానికి ఈకారం. కింది వరస కుడి నుంచి ఎడమకు మళ్లించింది. నలభై ఏళ్లయింది, ఒక అక్షరానికి చాలాసేపు ఆలోచించుకుంది, అయినా కాగితం అడగలేదు. 'ళ' లేదు కదా, 'ల'తోనే సరిపెట్టింది.

పై సాలు: 'నీలు'. వచ్చే సాలు: 'తాగినావా'.

నేను సీసా మూత తిప్పి ముందు దానికిచ్చాను.